ఉన్నచోటే ఉండనిద్దాం



నారాయణపేట జిల్లాలో, కృష్ణానది దగ్గర, ముడుమాల్ అనే ఊరుంది. అక్కడ మనిషిని మించిన ఎత్తున రాళ్లు నిలబడి ఉన్నాయి. నిలువురాళ్లు అంటారు వాటిని. మూడు వేల ఏళ్లకు పైబడినవని పరిశోధకుల అంచనా. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరాయి.

ఆ రాళ్ల వరుసలకు సూర్యుడి ఉదయాస్తమయాలతో పొత్తు ఉందంటారు పరిశోధకులు. ఒక బండ మీద చిన్నచిన్న గుంటలున్నాయి. అవి సప్తర్షి మండలాన్ని చూపుతాయంటారు. అంటే, రాయి ఎక్కడుందో అదే దాని కబురు.

ఈ ఉదయం మీ వాకిట్లో ముగ్గు చూడండి. ఒక్క చుక్క చెదిరినా గీత కలవదు. ఈ రాళ్లూ అంతే. ఒక్కటి కదిలినా ఆనాటి మనుషుల ఆలోచన తెగిపోతుంది.

అక్కడికి వెళ్లాలనుకుంటే చలికాలం మంచిది. ఎండ ఎక్కకముందే చేరుకోండి. తాగే నీళ్లు వెంట ఉంచుకోండి. చేల గట్ల మీద జాగ్రత్తగా నడవండి. ఊళ్లో పెద్దవాళ్లను పలకరించండి. వాళ్లు ఆ రాళ్లలో కొన్నింటిని దేవుళ్లుగా కొలుస్తారు. ఆ భక్తి కూడా ఇన్నాళ్లూ వాటికి కాపలా కాసింది.

పిల్లల్నీ తీసుకెళ్లండి. చూడమనండి, అడగమనండి, బొమ్మ గీసుకోమనండి. చిన్న రాయి కూడా ఏరుకోవద్దని ముందే చెప్పండి. ఉన్నదాన్ని ఉన్నచోటే ఉండనిద్దాం. రేపు వచ్చేవాళ్లకూ ఆ కబురు అందాలి.