ముందు గడ్డి సంగతి చూడు

ఒరేయ్ అబ్బాయ్,

మిర్చి ధర చూసి విసిగిపోయి, వచ్చే ఏడు రెండెకరాల కౌలు వదిలేసి ఒంగోలు ఆవులు కడతానన్నావట. సంతోషమే. అయితే ఫోన్లో బ్రెజిల్ ఆవు బొమ్మ చూసినప్పటినుంచీ నీకు నిద్ర పట్టడం లేదని మీ అమ్మ చెప్పింది. నాకు గుబులు అక్కడే.

వియాటినా-19 అనే ఆ ఆవుకు 2023లో 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టిన మాట నిజమే. 1960ల మొదట్లో మన కరవది ఊరి పేరుతో ఓడెక్కిన గిత్త, బ్రెజిల్ వాళ్ళు నెలోర్ అని పిలిచే ఒంగోలు సంతతి మందల్లో పేరుమోసిన మాటా నిజమే. కానీ వాళ్ళు మాంసం కోసం పెంచుతారు. ఇక్కడ 1977 నుంచి గోవధ నిషేధ చట్టం ఉంది, ఆ బేరం మనది కాదు. నువ్వు అమ్ముకునేది పాలు, పెయ్యలు, కోడెలు. తిరునాళ్ళలో బండ లాగిన జత రేటు చూసి కూడా లెక్కలు కట్టకు. ఆ మేపు వేరు, ఆ ఖర్చు వేరు.

వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సినవి రెండున్నాయి. ఆఫ్రికా నుంచి బ్రాకియేరియా గడ్డి తెచ్చి బీళ్ళకు బీళ్ళు పెంచారు. ఉబెరాబాలో ఉన్న పెంపకందారుల సంఘం దూడల తల్లిదండ్రుల పేర్లూ బరువులూ రాసిపెడుతుంది. మనమేమో గుండ్లకమ్మ ఒడ్డున పుట్టిన జాతి మనదని చెప్పుకుంటూ, పత్తి, మిర్చి వేసి గట్టు మీద గడ్డిపోచ కూడా మిగలనివ్వలేదు.

అందుకని గొడ్డును కొనకముందే గడ్డి వెయ్యి. పెద్ద పశువుకు రోజుకు ఇరవై, ఇరవై అయిదు కిలోల పచ్చిమేత కావాలి. బోరు పక్కన నేపియర్ ముక్కలు నాటుకో. మొదటి కోత రెండున్నర నెలలకు వస్తుంది, ఆపైన నలభై, నలభై అయిదు రోజులకొకటి. అదొక్కటే పెడితే చాలదు, అలసందో జనుమో కలపాలి. వరి పొలం ఉన్న మీ బావమరిదిని కోతకు ముందే పిల్లిపెసర చల్లమను, ఆ కట్టలు నీకూ వస్తాయి. జొన్న వేస్తే మాత్రం జాగ్రత్త. బెట్టకు వాడిన లేత జొన్న, కోసిన మోడు మీద లేచిన పిలకలు నాము ఎక్కి ఉంటాయి. కడుపు నిండా తింటే గొడ్డు నిలబడ్డచోటే పడిపోతుంది. పూత పట్టాక కోసి వెయ్యి. మిగిలితే పాలకంకి మీద కోసి, ముక్కలు చేసి, గాలి పోకుండా తొక్కి పాతర వేసుకుంటే ఎండాకాలం గట్టెక్కుతావు.

ఎండు వరిగడ్డి వంద కిలోలకు నాలుగు కిలోల యూరియా యాభై, అరవై లీటర్ల నీళ్ళలో కలిపి చల్లి, మూడు వారాలు మూసిపెట్టి తీస్తే బలం పెరుగుతుంది. ఆరు నెలల లోపు దూడలకు అది పెట్టకు. పత్తి చెక్క మనకు చవగ్గా దొరుకుతుంది, పెద్దవాటికి మంచిదే, లేత దూడలకు వద్దు. ఇంకోటి, మిర్చికి మందు కొట్టిన డబ్బా కుడితి తొట్టి దగ్గర కడగడం నీకు అలవాటు. నా కళ్ళతో చూశాను. అది మానెయ్, మందు కొట్టిన పొలంలోకి గొడ్లనూ తోలకు.

గడ్డి కోతకు వచ్చాక ఒంగోలు ఆవులుండే లాం ఫారానికి ఒకసారి, చదలవాడ క్షేత్రానికి ఒకసారి వెళ్ళిరా. మంచి ఆవు ఎట్లా ఉంటుందో కళ్ళారా చూశాకే బేరానికి కూర్చో. ఆవుకు ఎద సూది వేయించేటప్పుడు ఏ గిత్తదో అడిగి నోట్‌బుక్కులో రాసుకో. లేకపోతే నాలుగేళ్ళకు తండ్రినే కూతురికి కట్టిస్తావు. బరువుకు కాటా అక్కర్లేదు. ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, భుజం మొన నుంచి తోక పక్క ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్ళీ హెచ్చవేసి, 660తో భాగించు. ఉజ్జాయింపుగా కిలోలు వస్తాయి. నెలకోసారి రాస్తే ఏ దూడను ఉంచుకోవాలో, ఏది అమ్మాలో నీకే తెలుస్తుంది.

ఇంతకీ కోడలు పిల్లను అడిగావా? తెల్లారుజామున పేడ తీసేదీ పాలు పిండేదీ ఎవరు? నువ్వు మిర్చి యార్డులో కూర్చున్న రోజున గడ్డి కోసేదెవరు? ఆమె ఒప్పుకుంటే రెండు ఆవులతో మొదలుపెట్టు. నేపియర్ ముక్కలు మన దొడ్లోనే ఉన్నాయి, ఆదివారం ట్రాక్టర్ వేసుకుని రా.

మీ పెదనాన్న