చూచువారు లేని పని

పదిమంది చూచునప్పుడు సరిగాఁ బనిచేయుట కష్టము కాదు. ఎవ్వరును చూడనిచోట, ఇఁక ముందును జూడరని తెలిసినచోట సరిగాఁ జేయుట యేల? ఈ ప్రశ్న పాతదే. పాపభీతిచేత నని కొందఱును, ఆత్మగౌరవముచేత నని కొందఱును సమాధానము చెప్పుదురు. మేము దీనిని విమానములు కూర్చు శాలలోఁ బరీక్షింపఁ దలఁచితిమి. అచ్చట నీ ప్రశ్న ప్రాణములతో ముడివడియున్నది.

బోయింగు 747 అను పెద్ద విమానమున సుమారు 60 లక్షల భాగము లుండును. అందు సగము రివెట్టులు, బోల్టులు మున్నగు బిగింపు సామగ్రియే. రేకుపై రేకుంచి, రంధ్రము తొలిచి, రివెట్టు దూర్చి, వెలుపల నొకఁడు గాలిసుత్తితోఁ గొట్టుచుండఁగా లోపల నింకొకఁడు ఇనుపదిమ్మె నొత్తిపట్టును. పెక్కుతావుల నొకరి మొగ మొకరికిఁ గనఁబడదు. పిమ్మట వెలుపల రంగును, లోపలఁ బలకయు దానిని గప్పివేయును. ప్రయాణికుఁడు చూచునది ఆ పలకనే.

2023 సెప్టెంబరులో అమెరికాలోని రెంటన్ శాలయందు, 737 మాక్స్ 9 విమాన మొకదానికిఁ జెడిన రివెట్టులను బాగుచేయుటకై, వాడుకలేని ద్వారమునకు బిగించిన మూఁతను దెఱచిరి. దానిని మరల మూసిరి. కాని నాలుగు బోల్టులు బిగింపలేదు. తెఱచిన సంగతి యే పుస్తకమునను వ్రాయలేదు. 2024 జనవరి 5వ తేదీన పోర్ట్‌లండునుండి యెగిరిన కొలఁది నిమిషములకే, సుమారు 15,000 అడుగుల యెత్తున ఆ మూఁత యూడిపోయెను. విమానములో 177 మంది యుండిరి. మూఁత ప్రక్క పీఠము ఖాళీగా నుండెను. ఎవ్వరును మరణింపలేదు.

జపాను విమానమున కట్టి యదృష్టము లేకపోయెను. 1978లో తోఁక నేలకుఁ దాఁకి దెబ్బతినిన 747ను బాగుచేయునప్పుడు, వెనుకగోడ యతుకులో ఒకే పలక యుండవలసినచోట రెండు ముక్కలు వేసిరి. అందుచేత భారమంతయు ఒక్క వరుస రివెట్టులపైఁ బడెను. ఏడేండ్లవఱకు ఆ లోపము బయటపడలేదు. 1985 ఆగస్టు 12న గోడ పగిలి 520 మంది మరణించిరి, నలుగురు బ్రతికిరి.

ఇవి విని, పనివారికి ధర్మబుద్ధి లేదని నిందించుట సులభము. మాకది చాలినదిగాఁ దోఁపదు. తెఱచువాఁ డొకఁడు, మూయువాఁ డింకొకఁడు నగుచోట మొదటివాఁ డెంత ధర్మాత్ముఁడైనను వాని యంతరాత్మ రెండవవానికి వినఁబడదు. వినఁబడునది వ్రాఁత యొక్కటే. తన పనిని వ్రాసియుంచుట యవమానమనియు, తనిఖీ యవిశ్వాసమనియుఁ దలఁచు సత్యసంధులు పొరపడుచున్నారు. మనుష్యుఁడు మఱచును, అలయును, మధ్యలో వేఱు పనికిఁ బోవును. దీని నెఱిఁగి, తన తరువాత వచ్చువానికై నిజము నిలిపి పోవుటయు సత్యవ్రతమే.

అయితే లోపము చెప్పినవానికి దండనయు, దాఁచినవానికి మెప్పును గలుగుచోట వ్రాఁతలన్నియు నసత్యముతో నిండును. చేసినవాఁడు, చేయించినవాఁడు, ప్రేరేపించినవాఁడు, ఆమోదించినవాఁడు ఫలమునందు సమభాగులని మన పూర్వులు చెప్పిరి. తొందరపెట్టిన యధికారియు, చూడకయే సంతకముచేసిన తనిఖీదారుఁడును ఈ లెక్కలోనివారే.

ఇది దూరదేశపు మాట మాత్రమే కాదు. హైదరాబాదు చెంత ఆదిభట్లలో అపాచీ హెలికాప్టరుల దేహములను, 737 విమానముల నిలువు తోఁకలను గూర్చుచున్నారు. మన బాలబాలిక లట్టి పనులకుఁ బోవుచున్నారు. వారికి శిక్షణ శాలలోనే మొదలుకాదు. తప్పు లెక్కను గొట్టివేసి దిద్దినవానికన్న, పుట చించి శుభ్రమైన పుటఁ జూపినవానిని మెచ్చుకొను బడి యున్నది. గిన్నె పగిలెనని వచ్చి చెప్పిన పిల్లను గొట్టి, ముక్కలు దాఁచిన పిల్లను విడిచిపెట్టు నిల్లున్నది. అట్లు పెరిగినవాఁడు, చేతిలోని రంధ్రము వంకరపోయిన నాఁడు, ఎవరికిఁ జెప్పును? గృహస్థులారా, నిజము చెప్పిన బిడ్డకు భయము లేకుండఁ జేయుఁడు. వాఁ డెన్నఁడో బిగించు బోల్టు నమ్ముకొని యెందఱో కూర్చుందురు.