చూడక నమ్ముట



సెల్ ఫోనులు లేని దినములే మంచి దినములని చెప్పువారు మన సంఘములలో చాలమంది యున్నారు. పెండ్లి పందిటిలోను, చావు ఇంటి అరుగుమీదను, ఆదివారపు ఆరాధన ముగిసి చెప్పులు వెదకికొనునప్పుడును ఈ మాట వినబడుచునే యుండును. అప్పుడు మనుష్యులు ఒకరి ముఖము ఒకరు చూచి మాటలాడుకొనిరనియు, ఇప్పుడు నలుగురు ఒక గదిలో కూర్చున్నను నాలుగు దేశములలో నున్నట్లున్నారనియు చెప్పుదురు. ఇందులో అబద్ధమేమియు లేదు. అయినను ప్రసంగి గ్రంథము ఏడవ అధ్యాయములోని జ్ఞాని మనలను కొంచెము ఆగుమనుచున్నాడు. వెనుకటి కాలమును పైకెత్తి ఇప్పటి కాలమును క్రిందికి నెట్టువాడు తెలివిగా మాటలాడుట లేదని అతని భావము. పాతకాలమును పొగడువారిలో ఆ కాలమున చేదబావినుండి కడవలు మోసినవారు తక్కువమంది యని నేనును గమనించియున్నాను.

కాబట్టి ఆ కాలము మంచిదా చెడ్డదా అని నేనడుగను. అంతకంటె చిన్న ప్రశ్న యొకటి యున్నది. చిన్నదే గాని బరువైనది. అప్పుడు భార్యాభర్తలు, తల్లిబిడ్డలు ఒకరికొకరు కనబడక, ఒకరి సంగతి ఒకరికి తెలియక నెలల తరబడి యుండిరి. ఆ యెడబాటులో ఒకరినొకరు నమ్మిరి. ఆ నమ్మకము సద్గుణమా, లేక వేరే దారి లేనందున కలిగిన అలవాటు మాత్రమేనా? వేరే దారి దొరికిన మనకు ఆ నమ్మకముతో ఇంక పని యున్నదా?

మన సిద్దిపేట ప్రాంతము ఎడబాటును బాగుగా ఎరిగినది. వానలు తప్పినప్పుడు, మగ్గము కూడు పెట్టనప్పుడు, మనవారు బొంబాయికి, భీవండికి, షోలాపురమునకు, సూరతునకు, పిమ్మట దుబాయి మొదలైన దేశములకు పోయిరి. దుబ్బాక నేతపనివారి వాడలలో భీవండి పేరు పొరుగూరి పేరువలె పలుకుదురు. సిద్దిపేటకు రైలు వచ్చినది 2023 అక్టోబరు 3వ తేదీననే. అంతవరకు పోవువాడు బస్సెక్కి సికింద్రాబాదు చేరి అక్కడ బండి పట్టవలసినదే. బస్సు మలుపు తిరిగెనంటే మనిషి కనుమరుగైనట్లే. ఇక ఆ మనిషికి బదులుగా వచ్చునది కాగితము.

1950 ఏప్రిలు వరకు నైజాము ప్రభుత్వపు టపా వేరుగా నుండెను; అటుతరువాత దేశమంతటికి ఒకే టపా ఆయెను. ఇన్లాండు లెటరును ఆ సంవత్సరముననే వచ్చెను. మడిచి అంచులకు జిగురంటించు ఆ నీలి కాగితము మన పల్లెలలో ఎంత దుఃఖమును, ఎంత ప్రేమను మోసినదో లెక్క లేదు. అయితే ఒక సంగతి యోచింపుడి. భీవండినుండి ఉత్తరము వచ్చుటకు వారమో పదిదినములో పట్టెడిది. నేను క్షేమముగా నున్నానని ఇక్కడ చదువునప్పటికి, వ్రాసినవాడు అక్కడ జ్వరముతో పడియుండవచ్చును. చేతికందునది ఎప్పుడును గడచిన వారపు సంగతియే. ఇది చదువురాని ముసలమ్మకు సహితము తెలియును. తెలిసియే ఆమె ఆ కాగితమును దిండు క్రింద పెట్టుకొని నిద్రపోయెడిది.

తంతి సంగతి వేరు. తంతి యనగానే ఇంటిలో పొయ్యి ఆరిపోయెడిది. మాటకింత యని రుసుము గనుక, తల్లికి సీరియస్, వెంటనే రమ్ము అని నాలుగు మాటలు చాలును. చాలసార్లు ఆ తల్లి అప్పటికే కన్నుమూసియుండెడిది. పంపినవారికి తెలియును, చదివినవాడును లోపల గ్రహించును, అయినను రైలులో కూర్చుండి దారి పొడుగున ఆశపడును. అది కనికరమో అబద్ధమో నేను తేల్చలేను. ఆ తంతి సేవ మన దేశములో 2013 జూలై 14వ తేదీ రాత్రితో ముగిసినది.

తరువాత పసుపుపచ్చ బోర్డుల ఎస్.టి.డి. బూతులు వచ్చెను. అద్దపు గదిలో ఎర్ర అంకెలు పరుగెత్తుచుండగా, చెప్పవలసినది మరచి, తిన్నావా, పిల్లలు మంచిగున్నరా అని అడిగి పెట్టివేసిరి. పొరుగింటి ఫోనుకు పి.పి. నంబరని పేరు. దానికి పిలుపు వచ్చినయెడల వాడ వాడంతయు విన్నది. గల్ఫుకు పోయినవారి కుటుంబములలో క్యాసెట్టులో మాటలు నింపి, వచ్చువారి పోవువారి చేత పంపు వాడుకయు నుండెను.

ఈ సంగతులు తలంచుకొనుటకు తియ్యగా నుండును. అయితే నేను బడికి పోవు దినములలో మా పొరుగింటి పెద్దమ్మ నన్ను పిలిచి, బొంబాయిలోని భర్తకు ఉత్తరము వ్రాయించెడిది. ఆమె ప్రతి మాటకు ముందు అత్త ముఖము చూచెడిది. అత్త, మామ, మరుదులు చుట్టు కూర్చుండగా ఆమె ఏమి చెప్పగలదు? ఇంకేమన్న రాయాల్నా అని నేనడుగగా, ఏం లేదు బిడ్డా, అంత మంచిగనే ఉన్నమని రాయి అనెడిది. అంతయు మంచిగా లేదని నావంటి పిల్లవానికిని తెలియును. జవాబు వచ్చినప్పుడు దానినిగూడ నేనే అందరియెదుట చదివెడివాడను. భర్త ఆమెకని వ్రాసిన రెండు మెత్తని మాటలు పదిమంది చెవులలో పడి చల్లారి ఆమెకు చేరెను. చదువురాని స్త్రీకి ఆమె గొంతును ఆమెకిచ్చినది ఫోను. ఈ విషయములో ఫోను చేసిన మేలు మా ప్రసంగములెన్నియు చేయలేదని ఒప్పుకొనుటకు నాకు సిగ్గు లేదు.

మరియు ఆ దినములలో అందరును నమ్మకస్థులుగా నుండిరని ఎవరును అనుకొనవద్దు. బొంబాయిలో మరియొక సంసారము పెట్టినవారు లేకపోలేదు. మనియార్డరు ఫారము అడుగున నాలుగు మాటలు వ్రాయుటకు కొంచెము చోటుండెడిది. మొదట ఆ చోటు ఖాళీగా వచ్చెను, తరువాత మనియార్డరే రాకపోయెను. అప్పుడు భార్యకు సంగతి తెలిసెను. నమ్మినందుకు మోసపోయినవారు ఎందరో కన్నీటితో బ్రదుకు వెళ్లదీసిరి.

వార్త రాక కనిపెట్టుట భక్తులకును సులువు కాలేదు. అపొస్తలుడైన పౌలు త్రోయకు వచ్చినప్పుడు అక్కడ అతనికి మంచి అవకాశము దొరకెను. అయితే తీతు అక్కడ కనబడనందున అతని మనస్సు నిలువక, ఆ అవకాశమును విడిచి మాసిదోనియకు పోయెను. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక రెండవ అధ్యాయములో ఆయనే దీనిని చెప్పుచున్నాడు. థెస్సలొనీకయవారి సంగతి తెలియనప్పుడును ఓర్చుకొనలేక తిమోతిని పంపెను. ఆ దినములలో సెల్లు ఉండినయెడల పౌలు త్రోయనుండి తీతుకు ఆ రాత్రియే ఫోను చేసియుండును. అందులో తప్పేమియు లేదు. తెలిసికొనగోరుట ప్రేమకు సహజము. అయితే తిమోతిని ఆయన పంపినది వారిని బలపరచుటకును, వారి విశ్వాసము ఎట్లున్నదో కనుగొనుటకును. అతడు పగటివేళ, అందరెరుగగా పోయిన సహోదరుడు. అతని వెనుక మరియొకని పంపి, తిమోతి నిజముగా పోయెనో లేదో చూచి రమ్మనలేదు.

ఇప్పటి మాటకు వచ్చెదను. వాట్సాపులో మనము పంపినది ఎదుటివారు చదివినయెడల రెండు నీలి గీతలు కనబడు ఏర్పాటు 2014లో వచ్చినది. మనిషి ఏ దారిలో కదలుచున్నాడో ఆ కదలికయే చూపు ఏర్పాటు 2017లో వచ్చినది. ఈ రెండును మంచి పనులకు ఉపయోగపడును. రాత్రి బస్సులో హైదరాబాదునుండి వచ్చు కుమార్తె ప్రజ్ఞాపూరు దాటితినని తండ్రికి తానే చూపినయెడల ఆ తండ్రి బస్టాండునకు తగిన వేళకు పోవును. ఇది ఆమె ఇచ్చినది. బలవంతముగా తీసికొనుట దీనికి వేరు. ఆ బేధమును గూర్చియే నా భారము.

మన ప్రాంతములోని ఒక పల్లెలో జరిగిన సంగతి, గురుతులు మార్చి చెప్పుచున్నాను. భర్త మూడేండ్లనుండి దుబాయిలో కూలిపని చేయుచున్నాడు. ఒక గదిలో ఎనిమిదిమందితో పండుకొనును. తాను తినక ఇంటికి పంపును. మంచివాడే. ఊరినుండి ఎవరో ఒక మాట అతని చెవిని వేసిరి. నాటినుండి ప్రతి రాత్రి భార్యకు వీడియో ఫోను చేసి, ఫోను త్రిప్పి నాలుగు మూలలు చూపుమనును, తలుపు వెనుక చూపుమనును, దొడ్డి చూపుమనును. తీయుట ఆలస్యమైనయెడల ఎక్కడికి పోతివని అడుగును. కొన్ని నెలలు ఆమె చూపినది. ఒకనాడు బిడ్డనెత్తుకొని తల్లిగారింటికి పోయినది.

పెద్దలు కూర్చున్నప్పుడు నన్నును పిలిచిరి. ఫోనులో అందరికి వినబడునట్లు అతడు మాటలాడెను. "అయ్యగారు, నేను ఆమె తప్పు చేసిందని అంటలేను. తప్పు లేనప్పుడు చూపెడితే ఏం పోతది?" అనెను. పెద్దలు తలలూపిరి. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పుట నిజముగా కష్టము. అప్పుడు ఆమె తలవంచుకొనియే, "చూపెట్టినంక నమ్ముడు ఏం నమ్ముడు అయ్యగారు?" అనెను.

ఆ మాట నన్ను చాల దినములు విడువలేదు. ఆమె చెప్పినదానిని నా మాటలతో విడమరచెదను. గది చూపినంత మాత్రమున ఫోను పెట్టివేసిన తరువాతి గడియకు సాక్ష్యమేమి? కాబట్టి రేపును చూపవలెను, ఎల్లుండియు చూపవలెను. ఋజువు అడుగువాని ఆకలి ఋజువుతో తీరదు. అంతకంటె పెద్దది మరియొకటి. మూడేండ్లు ఆమె తనంతట తాను నమ్మకముగా నుండెను. అది ఎవరును అడుగకయే ఆమె అతనికిచ్చిన కానుక. దానిని అతడు హాజరుపట్టీ చేసెను. హాజరుపట్టీలో సంతకము చేసినందుకు కూలివానిని ఎవరును మెచ్చుకొనరు గదా. మరి ఆ ఎనిమిదిమంది గదిని త్రిప్పి చూపుమని అతనిని అడిగినవారెవరు? వెనుకటి ఎడబాటులో తెలియమి ఇద్దరికిని ఉండెను. అప్పుడును భార్యమీద అత్త కన్ను, వాడ కన్ను యుండెననుట నిజమే. అయినను భర్త కన్ను తలుపు వెనుక వెదకలేదు.

ఆదికాండము 31వ అధ్యాయములో లాబాను యాకోబును ఏడు దినముల ప్రయాణమంత దూరము తరిమి పట్టుకొనెను. పోయిన విగ్రహముల కొరకు గుడారములన్నియు తడవి చూచెను. అవి రాహేలు కూర్చున్న ఒంటె సామగ్రిలోనే యుండెను. వెదకినవానికి మాత్రము దొరకలేదు. ఇంత వెదకియు లాబాను సత్యమును కనుగొనలేదు. యాకోబు ఇరువదియేండ్ల చాకిరిని తలంచుకొని మండిపడెను. చివరకు వారిద్దరు రాళ్లు కుప్ప వేసి, ఆ చోటికి మిస్పా యని పేరు పెట్టి, ఎడబాటులో దేవుడే తమ్మును కనిపెట్టునని చెప్పుకొనిరి. మనము ఆ మాటను సెలవు పుచ్చుకొనునప్పుడు దీవెనగా పలుకుదుము. అక్కడ మాత్రము అది నమ్మకము లేని ఇద్దరు మనుష్యుల ఒడంబడిక. అయినను దానియందు ఒక మేలున్నది. కావలి పనిని వారు తమ చేతులలోనుండి తీసి వేరొకని కప్పగించిరి. మరునాడు లాబాను లేచి, కుమార్తెలను మనుమలను ముద్దుపెట్టుకొని, తన చోటికి తిరిగిపోయెను. ఆ కుప్ప దాటి వెంబడించలేదు.

పెద్దల యెదుట నేను ఈ కథనే చెప్పితిని. కొందరికి నచ్చెను. ఒక పెద్దమనిషి మాత్రము, "కాలం చెడిపోయింది అయ్యగారు, గిప్పుడు చూడకుంట ఎట్ల?" అనెను. కాలము మీద నింద వేయుట సులువు. అతని తండ్రి భీవండిలో పదునాలుగేండ్లు యుండెను; అతని తల్లి చూడకయే యుండెను. ఆ మాట నేను అతనికి గుర్తుచేయగా నవ్వి ఊరకుండెను.

చివరకు ఆమె భర్తకు తన గొంతుతోనే ఒక మాట పంపెను. రాత్రి ఎనిమిదింటికి, అనగా అతనికి అక్కడ ఆరున్నరకు, ఫోను తీయుదును. బిడ్డను చూపుదును, ఎంతసేపైనను మాటలాడుదును. ఇల్లు త్రిప్పి చూపను. ఇందుకు సమ్మతియైన మన ఇంటికి పోవుదును అని చెప్పెను. నీలి గీతలు రెండును కనబడినవి. ఇది వ్రాయునాటికి నాలుగు దినములాయెను. జవాబు ఇంకను రాలేదు. ఆమె తల్లిగారింటనే యున్నది.