ఫైనల్ ఎగ్జిట్ వారి కారుకు న్యాయమైన ధర ఎంత?

దసరాకు వాహనపూజ మనకు అలవాటు. సౌదీలో ఉన్న మన కుటుంబాలవారు ఇంట్లోనే దేవుడి పటం ముందు కారు తాళాలు ఉంచి, కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. ఆ తాళాలు మన చేతికి ఎలా వచ్చాయో మాత్రం అంతగా ఆలోచించం.

పాత కారు విషయంలో నిజాయితీ అనగానే అమ్మేవారి గురించే మాట్లాడుకుంటాం. మీటరు తిప్పారా, యాక్సిడెంటు దాచారా అని. సబబే. కొనేవారు కళ్ళు తెరిచే కొనాలి. ఫహస్ ఎప్పుడు చేయించారో, ఇస్తిమారా గడువు ఎప్పటిదాకా ఉందో చూడాలి. ఏసీని మిట్టమధ్యాహ్నం ఎండలో పరీక్షించాలి. టైరు అరగలేదని మురిసిపోకండి, దాని మీది తయారీ అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం అన్నమాట. ఇక్కడి ఎండకు రబ్బరు నిలబడ్డచోటే బీటలిస్తుంది. దమ్మాం, జుబైల్ వంటి సముద్రతీరపు ఊళ్ళలో తిరిగిన బండి అయితే అడుగున తుప్పు వెతకాలి. 2018 జూన్ 24 నుంచి ఆడవారు కూడా నడపవచ్చు గనుక, లైసెన్సు ఉంటే ఇల్లాలు కూడా ఒకసారి నడిపి చూడడం మంచిది. ఇలా కనబడిన ప్రతి లోపానికీ ధర తగ్గించమని అడగడంలో తప్పేమీ లేదు.

గల్ఫ్‌లో ఇంకోరకం బేరం ఉంది. ఫైనల్ ఎగ్జిట్ కావాలంటే జరిమానాలు కట్టేయాలి, కారు తన పేరు మీద ఉండకూడదు. వీసా పడ్డాక 60 రోజుల్లో దేశం విడవాలి. 2017 జూలైలో కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము మొదలై, 2020 జూలై నాటికి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి 14,400. ఆ భారంతో ఎన్నో కుటుంబాలు ఇంటిదారి పట్టాయి. అటువంటివారి కారు దగ్గర నిలబడి మనవాళ్ళిచ్చే సలహా ఒకటే. "రెండు వారాలు ఆగండి, ఆయనే దిగొస్తాడు."

ఈ సలహా నాకు మింగుడుపడదు. తగ్గేది కారు విలువ కాదు, ఆయనకున్న రోజులు.

మహాభారతం శాంతిపర్వంలో, తలలో పక్షులు గూడు కట్టినా కదలక తపస్సు చేసిన జాజలి, ధర్మం తెలుసుకోవడానికి కాశీలోని తులాధారుడనే వర్తకుడి దగ్గరకు వెళ్ళాల్సి వచ్చింది. ఆ వర్తకుడి త్రాసు అందరికీ ఒకేలా తూగుతుంది. అది అమ్మేవారికి చెప్పిన కథ అనుకుంటాం. కొనేవారి చేతిలోనూ ఒక త్రాసు ఉంటుంది కదా!

"మాదీ చిన్న జీతమే, ఇంటికి పంపాల్సిన డబ్బు తీసి దానం చేయమంటారా?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దానం చేయమనడం లేదు. ఆయనకు మూడు నెలల వ్యవధి ఉంటే మీరు ఎంత ఇచ్చి ఉండేవారు? అదే మోడల్, అదే ఏడాది కారు మీ ఊళ్ళో ఎంతకు పోతోందో కనుక్కుని, రిపేర్ల ఖర్చు తీసేస్తే ఆ అంకె తెలుస్తుంది. అంత డబ్బు నిజంగా లేకపోతే "నా దగ్గర ఇంతే ఉంది" అని చెప్పండి. అది నిజమైతే మోసం కాదు, ఒప్పుకోవడం మానడం ఆయన ఇష్టం. ఉండి కూడా లేదనడం వేరు సంగతి.

"నేను కాకపోతే హరాజ్‌లో వ్యాపారి ఇంకా తక్కువకు కొంటాడు" అనే వాదం కూడా ఉంది. కొంటాడు. ఆయన మళ్ళీ అమ్మి బతకాలి, అమ్ముడుపోకపోతే నష్టపోవాలి. మనం పిల్లల్ని బడికి దింపడానికి కొంటున్నాం. ఆయన ధర మనకు కొలత ఎలా అవుతుంది?

పేరు మార్పు ముందే జరగాలి గనుక అమ్మినవారికి చివరి వారాల్లో బండి ఉండదు. కార్గో పెట్టెలు, పిల్లల టీసీ, బ్యాంకు పనులు అప్పుడే ముంచుకొస్తాయి. ఆ నాలుగు పనులకూ, ఎయిర్‌పోర్టుకూ తీసుకెళ్తామని బేరం రోజునే చెప్పవచ్చు. పెట్రోలు తప్ప ఖర్చేమీ లేదు.