కిటికీ పిడియు, తృప్తియు

చదువవలసిన భాగము: ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4:10–20



ఈ నెల ఒక కిటికీ పిడిని గూర్చి వ్రాయుచున్నాను. ఇది పత్రికలో వ్రాయదగిన విషయమేనా అని మీలో కొందరు నవ్వవచ్చును. నేనును మొదట నవ్వితిని. అయితే ఆ పిడి నేను చేసిన ఒక ప్రసంగమును నా చేతనే తప్పని ఒప్పించినది గనుక, దాని సంగతి మీకు చెప్పక తప్పదు.

సికింద్రాబాదులో మా పెద్దక్క యిల్లు ఉన్నది. పాత కాలపు పెంకుటిల్లు. గోడలు లావు, కిటికీలు టేకువి, లోపలివైపు ఇనుప చువ్వలు, వెలుపలికి తెరచుకొను రెండేసి రెక్కలు. మా గ్రామమునుండి ఏ పనిమీద పట్టణమునకు వెళ్లినను జూబిలీ బస్సు స్టేషనులో దిగి మొదట ఆ యింటికే పోవుదును. రెండు సంవత్సరముల క్రిందట అట్లు వెళ్లినప్పుడు వంటయింటి కిటికీ నా కంటబడెను. కుడి రెక్క పిడి సగము విరిగిపోయి, ఒక కాలు మాత్రము మొండిగా నిలిచియున్నది. ఆ మొండికి అక్క పాత చీర అంచు చింపి కట్టినది. మూయవలసినప్పుడు చువ్వల సందున చేయి పెట్టి ఆ గుడ్డ పట్టుకొని లాగును. మూసిన తరువాత ఆ గుడ్డనే చువ్వకు ముడివేయును. ఎన్నాళ్లనుండి ఇట్లున్నదని అడుగగా, "నాలుగేండ్లయితుండొచ్చు" అనెను. ముఖములో విసుగు లేదు, మాటలో సణుగుడు లేదు.

నాకు చాల మెప్పు కలిగెను. తిరిగి వచ్చిన ఆదివారమున ఫిలిప్పీయుల పత్రికమీద ప్రసంగించుచు, పౌలు ఏ స్థితిలోనైనను తృప్తిగా నుండ నేర్చుకొనిన సంగతి చెప్పి, ఆ గుడ్డముక్కను ఉదాహరణముగా వాడుకొంటిని. అంత పట్టణములో, అన్ని దుకాణముల నడుమ కాపురముండియు, ఒక్క పిడికైనను ఆశపడని స్త్రీ అని చెప్పితిని. సంఘస్థులు తలలూపిరి. ప్రసంగము బాగుగా నున్నదని ఇద్దరు పెద్దలు నాతో అనిరి కూడ.

గత వర్షాకాలమున మరల వెళ్లినప్పుడు ఈ సంగతి అక్కతో సంతోషముగా చెప్పితిని. ఆమె బియ్యము ఏరుచున్నది. చేట దించి నా వైపు చూచి, "తమ్మీ, అది తృప్తి అని నీకెవలు చెప్పిన్రు? అడిగి అడిగి యాష్టకొచ్చి ఊకున్న" అనెను. అంతే. మరల చేట తీసికొని ఏరసాగెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలసటను చూచి నేను తృప్తి అనుకొంటిని. బయటనుండి చూచువానికి ఈ రెండును ఒక్కటిగానే కనబడును. రెండును నోరు మెదపవు. అయితే లోపల ఒకదానిలో సమాధానమున్నది, రెండవదానిలో ఆశ చచ్చియున్నది. కాపరియైనవాడు ఈ రెంటి భేదము ఎరుగవద్దా? నేను ఎరుగలేదు. పైగా, ఆమెయొద్ద లేనిదానిని ఆమె పేరట అందరికిని మాదిరిగా చూపితిని.

అక్కడనే పండుకొని పౌలు సంగతి మరల ఆలోచించితిని. ఆయన ఆ మాట వ్రాయునప్పుడు బంధకములలో నున్నాడు. ఆ సంకెళ్లు ఆయనవి. తన సంకెళ్లను గూర్చి ఆయన తృప్తి చెప్పుకొనెను గాని, ఇతరుల సంకెళ్లను చూచి తాను తృప్తిపడలేదు. ఒనేసిము విషయములో ఏమి చేసెనో చూడుడి: అతడు నష్టము చేసియున్నయెడల అది నా లెక్కలో వేయుమని ఫిలేమోనుకు వ్రాసెను. మరియొక సంగతి. తృప్తి నేర్చుకొనిన ఆ పౌలే తిమోతికి వ్రాయుచు, త్రోయలో విడిచి వచ్చిన తన అంగీని తెమ్మని, చలికాలము రాకమునుపే రమ్మని అడుగుచున్నాడు. చలి పుట్టును గనుక అంగీ కావలెను, అడిగెను. అడుగుట తృప్తికి విరోధము కాదు. మా అక్కయు అడిగినది. తేడా యెక్కడనగా, ఆమె అడిగినది ఎవరికిని వినబడలేదు.

బావగారిని గూర్చి మీరు తప్పుగా తలంచవద్దు. ఆయన మంచివాడు. సంఘములో పెద్ద, ఉదయకాల ప్రార్థన తప్పడు, పొరుగువారి కష్టమునకు లేచి పోవువాడు. అయితే వంటయింటి కిటికీని ఆయన ఎన్నడును తెరచినవాడు కాడు. విరిగిన మొండికి ఆయన బొటనవ్రేలు ఎన్నడును గీసికొని పోలేదు. ముందు గదిలో తాను కూర్చుండు కిటికీ పిడి వదులైనప్పుడు ఆ వారములోనే బిగింపించెను. ఇది దుర్మార్గము కాదు. చేయి పెట్టనివానికి విరిగినది తెలియదు, అంతే. అయితే ఆ "అంతే" అను మాటలో నాలుగేండ్లు గడచిపోయినవి.

ఆ నాలుగేండ్లలో ఆ కిటికీ ఏమి చేసెనో కూడ చెప్పవలెను. తెరచుట కష్టమైన దినములలో ఆమె దానిని మూసియే యుంచెను. పోపు పొగ లోపలనే తిరిగి దగ్గు పట్టుకొనెను. మూయుట కష్టమైన దినములలో తెరచియే విడిచెను. సంధ్యవేళ దోమలు వచ్చినవి. ఇక్కడ ఒక సంగతి జ్ఞాపకము వచ్చుచున్నది. ఆ సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అను సైన్యపు వైద్యుడు, మలేరియా రోగి రక్తము త్రాగిన దోమ కడుపు గోడలో ఆ జ్వరపు క్రిమిని సూక్ష్మదర్శినితో కనుగొనెను. చలిజ్వరము చెడుగాలివలన వచ్చునని అంతకుముందు చాలమంది నమ్మిరి. దోమవలన వచ్చునని తెలియుటకు ఆయన పని దారి తీసెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ఆయన పనిచేసిన భవనము బేగంపేటలో నేటికిని నిలిచియున్నది. అటువంటి పట్టణములో చీకటిపడునప్పుడు మూతపడని కిటికీ చిన్న విషయము కాదు. మూతపడినంతమాత్రమున చాలదు, జాలియు కావలెనని మీరు అందురు. నిజమే. మూతపడనిదానికి జాలి బిగించి మాత్రమేమి ఫలము?

మరునాడు ఉదయముననే రాణీగంజుకు పోతిని. ఆ వీధులలో ఇనుప సామాను దుకాణములు వరుసగా నుండును. కావలసిన మేకు దొరకదనుట లేదు. జానెడులో సగమున్న పిడి ఇమ్మని చేతితో కొలత చూపితిని. దుకాణదారుడు నవ్వి, "పాతది తెచ్చినరా సార్?" అనెను. తేలేదు. పిడి పొడవు ముఖ్యము కాదట. ఒక రంధ్రపు నడిమినుండి రెండవ రంధ్రపు నడిమికి ఎంత దూరమో అది ముఖ్యమట. అది కలియనియెడల చెక్కకు కొత్త రంధ్రములు పడును, పాతవాటి ప్రక్కనే పడినయెడల చెక్క చీలును. ఈనాటి ప్లాస్టిక్ చట్రముల కిటికీలకైతే ఆ లెక్క వేరు అని ఒకటి తీసి చూపెను: పిడి వెనుక నలుపలకల కడ్డీ ఒకటుండును, చాలవాటిలో అది 7 మిల్లీమీటర్లు, మరమేకుల నడిమి దూరము 43 మిల్లీమీటర్లు. ఏదైనను పాతది విప్పి తెచ్చుట మేలని చెప్పెను. నేను మరల యింటికి పోయి, మొండి విప్పి, రాలిపోయిన ముక్కను అక్క డబ్బాలో దాచియుంచగా దానిని కూడ తీసికొని రెండవమారు వెళ్లితిని. నాలుగేండ్లు ఆ ముక్క దాచియుంచినదంటే, ఆమె ఆశ పూర్తిగా చావలేదన్నమాట.

ఇత్తడి పిడి దొరకెను. దానికి ఇత్తడి మరమేకులే తీసికొమ్మని దుకాణదారుడు చెప్పెను; ఇత్తడికి ఇనుప మరమేకు వేసినయెడల తడికి ఇనుము త్వరగా తుప్పు పట్టునట. అన్నిటికిని కలిపి అయిన ఖర్చు, నేను ఆ దినము రెండుమార్లు ఆటోకు ఇచ్చినదానికంటె తక్కువ.

నేనే బిగించెదనని కూర్చుంటిని గాని, వీధిలో పోవుచున్న వడ్రంగిని అక్క పిలిపించుట మంచిదాయెను. ఆయన పిడిని చూడనేలేదు. రెక్కను పట్టుకొని పైకెత్తి దించి, "పిడిది తప్పు లేదయ్యగారూ. పై బందు మరలు వదులై రెక్క దిగింది. వానకాలం చెక్క ఉబ్బి కింద గీసుకుంటది. గుంజుడంతా పిడి మీదనే పడె. ఇప్పుడు కొత్తది పెడితే అది కూడ ఇరుగుతది" అనెను. వదులైన రంధ్రములలో వెదురు పుల్లలు జిగురుతో దిగగొట్టి, కొంచెము పొడవైన మరమేకులతో పై బందు బిగించి, రెక్కను దాని స్థానమునకు ఎత్తెను. క్రింది అంచు ఇంకను కొద్దిగా తగులుచుండగా, చిత్రిక పట్టుమని నేను తొందరపెట్టితిని. ఆయన ఒప్పుకొనలేదు. వానలో ఉబ్బిన చెక్కను ఇప్పుడు ఎక్కువగా తీసినయెడల ఎండాకాలమున సందు పడునట. ఒక్క పొర మాత్రము తీసి, ఆ తరువాత పిడి బిగించెను. మా అక్క ఒక్క వ్రేలితో రెక్కను లాగి మూసెను. మరల తెరచెను. మరల మూసెను. నేను ఆమె ముఖము చూడలేక బయటికి వచ్చితిని.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో, కొత్త యిల్లు కట్టువాడు మేడచుట్టు పిట్టగోడ కట్టవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. ఎవడైనను పడినప్పుడు ఆ రక్తదోషము ఆ యింటిమీదికి రాకుండునట్లు. గమనించుడి, పడిన తరువాత చేయవలసినది కాదు అది, పడకమునుపే చేయవలసినది. నడచువాడు జాగ్రత్తగా నడువవలెనని ధర్మశాస్త్రము అక్కడ చెప్పలేదు. కట్టగలవానిమీదనే భారము పెట్టెను. మనము దానిని తలక్రిందులు చేసితిమి. బాగుచేయగలవాడు ఊరకుండును, బాగుచేయలేనివారిని జాగ్రత్తగా ఉండుమందుము, ఓర్చుకొనుమందుము. చలిలో దిగంబరిగా నున్నవానిని చూచి వెచ్చగా నుండుమని దీవించి పంపినవానిని గూర్చి యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో ఏమనెనో చదువుకొనుడి. నా ప్రసంగము అటువంటి దీవెనయే.

ఒక సంఘపెద్ద నాతో వాదించెను. మనము ఈ లోకములో పరదేశులము గదా, అబ్రాహాము గుడారములలో నివసించెను గదా, కిటికీ పిడికి ఇంత విచారమేల అనెను. మంచి ప్రశ్నయే. గుడారములో నివసించువాడు ఇల్లు కట్టుకొనడు, నిజమే. గుడారపు త్రాడు తెగినప్పుడు ముడి వేయకుండునా? పౌలు డేరాలు కుట్టి బ్రదికినవాడు. త్రాడు తెగియుండగా, మనది పరలోకమని చేతులు కట్టుకొని కూర్చున్నవారిని నేను బైబిలులో చూడలేదు. అంతేకాదు, పరదేశినని చెప్పుకొను మా బావగారు తన కిటికీ మాత్రము బిగించుకొనెను.

మన సంఘములనుండి క్రిస్మసుకు మెదకు దేవాలయమునకు పోవువారు ఎందరో ఉన్నారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మందిరములో ప్రభువు జననమును, సిలువను, ఆరోహణమును చూపు మూడు గొప్ప రంగు అద్దముల కిటికీలున్నవి. వాటి ఎదుట నిలిచి కన్నీరు విడిచినవాడను నేను. అయితే ఆ కిటికీలు చూచి వచ్చిన కన్నులు ఇంటి వంటగది కిటికీని చూడకపోవుట ఎట్లో నాకిప్పుడు అర్థమగుచున్నది. ఒకటి చూచుటకు పోయెదము, రెండవదానితో వేరొకరు పని చేయుదురు.

మీ గ్రామములలో కొన్ని యిండ్లకు చెప్పుకొనదగిన కిటికీయే లేదని నాకు తెలియును. అయినను బోరింగు ఉన్నది. దాని పిడి అరిగి, ఇరుసు వదులై, ఒక బిందె నిండుటకు రెండింతలు కొట్టవలసి వచ్చుచున్నప్పుడు కొట్టువారెవరు? పంచాయతీలో దానిని గూర్చి మాటలాడువారెవరు? ఇంకను చెప్పుటకు నాకు భయమగుచున్నది: త్రాగి వచ్చి కొట్టు భర్తను గూర్చి చెప్పుకొనుటకు నాయొద్దకు వచ్చిన స్త్రీలకు, సహించుము, ప్రార్థించుము అని మాత్రము చెప్పి పంపిన దినములున్నవి. వారు మరల రాలేదు. సమాధానపడిరని అనుకొంటిని. ఊకున్నారేమో. ఇప్పుడు వారి యిండ్లకు నేనే పోవుచున్నాను. ఇద్దరి విషయములో పెద్దలను వెంటబెట్టుకొని భర్తలతో మాటలాడితిమి. పోలీసులయొద్దకు పోవుటయు తప్పు కాదని ఒకామెకు తేటగా చెప్పితిని.

నెహెమ్యా 3వ అధ్యాయము చదువుట కష్టమని, పేర్ల పట్టికయని మనము దాటివేయుదుము. ఈ మారు మెల్లగా చదివితిని. అయిదు గుమ్మముల విషయములో తలుపులును తాళములును గడియలును ప్రత్యేకముగా వ్రాయబడియున్నవి. ఎన్నోచోట్ల ఒక్కొక్కడు తన యింటికి ఎదురుగా బాగుచేసెనని యున్నది. షల్లూమును అతని కుమార్తెలును కలిసి పని చేసిరి. తెకోవీయుల ఘనులు మాత్రము ఆ పనికి మెడ వంచలేదు, అదియు వ్రాయబడినది. రాజులు రెండవ గ్రంథము 12వ అధ్యాయములో మరియొకటి యున్నది: యోవాషు ఏలుబడిలో ఇరువదిమూడవ సంవత్సరము వచ్చువరకు యాజకులు మందిరపు శిథిలములను బాగుచేయలేదు. మా పాస్టర్లము ఆ వచనమును త్వరగా దాటిపోవుదుము.

ఆ తరువాతి ఆదివారమున నా మునుపటి ప్రసంగము తప్పని సంఘము ఎదుట చెప్పితిని. ఈ మారు పెద్దలెవరును బాగున్నదని అనలేదు. ఆరాధన తరువాత ముగ్గురు స్త్రీలు వేపచెట్టు క్రింద నిలిచి నాతో మాటలాడవలెనని కబురు పంపిరి.

ఆ సాయంకాలము ఇంటిలో నా భార్యను అడిగితిని, ఈ పాస్టరు బంగళాలో నీవు అడిగి అడిగి మానుకొనినది ఏమైనను ఉన్నదా అని. ఆమె చాలసేపు నవ్వెను. పిమ్మట కాగితము తెచ్చుకొమ్మనెను. మొదటిది, రెండు క్రిస్మసుల క్రిందట నేను తీగతో కట్టి, రేపు చూతమన్న దొడ్డి తలుపు గడియ. దానిని విప్పి, రంధ్రముల నడిమి దూరము కొలిచి, సంచిలో పెట్టుకొంటిని. మిగిలినవి ఆమె ఇంకను చెప్పుచున్నది.