శ్రమ యొకరిది, ఫలమొకరిది

కష్టపడినవారు సుఖపడుదురను మాట మన యిండ్లలో నీతివాక్యముగా చెల్లుచున్నది. ఈ నీతి యెంతవరకు సత్యమో తెలియగోరువారు శంషాబాదు చెంతనున్న పాల్మాకుల ప్రాంతమును చూచిన చాలును. 2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము తెరవబడెను. చుట్టుపట్ల భూముల వెల పెక్కురెట్లు హెచ్చెను. ఆ హెచ్చు ఎవరి నాగలివలనను కలిగినది కాదు. పట్టాలో పేరున్నవానికది దక్కెను. నాట్లువేసి, కలుపుతీసి, కోతకోసిన స్త్రీకి దినకూలి మాత్రమే మిగిలెను.

పట్టాలో పేరు లేకుండుటకు హేతువులు రెండు. మొదటిది కులము. తరతరములు వెట్టిచేసినవారికి భూమి లేదు. తరువాత ప్రభుత్వ మసైన్డు భూముల నిచ్చెను. అవి పరులపాలు గాకుండ 1977 నాటి చట్టము విక్రయమును నిషేధించెను. ఆ భూములను ప్రభుత్వమే తిరిగి తీసికొన్నప్పుడు పట్టాదారులతో సమానముగా పరిహార మీయవలెనని చెప్పుటకు 2004లో, చేవెళ్ళ విభాగపు వ్యాజ్యమున, ఉన్నతన్యాయస్థానము పూనుకొనవలసివచ్చెను.

రెండవది స్త్రీత్వము. మనువు స్త్రీధనము నారువిధములుగా లెక్కించెను. మితాక్షరాకారుడు విజ్ఞానేశ్వరుడు దానిని విస్తరించెను. అయినను ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు జన్మహక్కు లేకపోయెను. ఆంధ్రప్రదేశమున 1985లో ఆ హక్కు వచ్చినను, అప్పటికే వివాహితలైనవారికి వర్తింపలేదు. 2005లో దేశమంతటికి వచ్చెను. ఆనాటికి తండ్రి జీవించియుండకున్నను కుమార్తెకు హక్కు కలదని 2020లో సర్వోన్నతన్యాయస్థానము తేల్చెను.

ఈ రెండు భేదములు నొక్కరియందే కలిసినప్పుడు నష్టము కూడిక గాదు, హెచ్చవేత. దళితస్త్రీ తన కులమువారిలో పురుషునికంటెను, స్త్రీలలో నగ్రవర్ణస్త్రీకంటెను వెనుకబడును. అమెరికాలో నల్లజాతిస్త్రీల సగటు వేతనము శ్వేతస్త్రీలకంటెను, నల్లజాతిపురుషులకంటెను తక్కువగా నుండుటయు నిట్టిదే. దీనిని పూర్వజన్మకర్మమనుట, మనము వ్రాసిన దస్తావేజును విధాత నెత్తిన రుద్దుటయే.

“కట్నమిచ్చితిమి గదా, పొలమేల?” అని కొందరందురు. కట్నము 1961లోనే నిషేధింపబడినది. అదియుగాక కట్నము వరుని యింటికి పోవును, దాని వెల కరగును. పొలము కుమారునియొద్ద నిలిచి పెరుగును. పుట్టింటి రాకపోకలు తెగునను భయముచేత ఆడపడుచు హక్కు విడుదలపత్రముపై వ్రేలు నొక్కును. దానిని మనము ప్రేమ యనుచున్నాము. ప్రేమయే యైనచో అన్నదమ్ములలో నొక్కడైన నట్టి పత్రము నేల వ్రాయడు?

చట్టము హక్కు నీయగలదు. అడిగినందుకు కూతురిని పుట్టిల్లు పరాయిదానిగా చూడకుండునట్లు చేయజాలదు. అది గృహస్థుల పని. కావున పంపకమునాడు కూతురడుగువరకు వేచియుండక ఆమె పేరు తొలుతనే వ్రాయుడు. పొలమున పనిచేసిన కూలిస్త్రీకి పురుషునితో సమానమగు కూలి నిండు. అటుపిమ్మట కష్టఫలమునుగూర్చి బిడ్డలకు నీతి చెప్పుటకు మనకు నోరుండును.