నొప్పి ఎరుగని పాదం

మానడం కష్టమైన వ్రణాలను చెబుతూ సుశ్రుతసంహిత కుష్ఠురోగిని, మధుమేహిని ఒకే వరుసలో చేర్చింది. ఈ రెండు రోగాల్లోనూ నరాలు దెబ్బతిని పాదం స్పర్శ కోల్పోతుంది కనుక, ముల్లు గుచ్చుకున్నా చెప్పు ఒరుసుకున్నా తెలియక, చిన్న గాయమే పెద్ద పుండుగా ముదురుతుంది. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల పాదాలలో గమనించిన ఈ సంగతినే తరువాత అమెరికాలోని కార్విల్‌లో మధుమేహ రోగులకూ అన్వయించాడు.

కర్ణాటకలో తాలూకా కేంద్రమైన పావగడలో శనిదోషం పోగొట్టుకోవడానికి భక్తులు వచ్చే శనైశ్చరాలయమూ, కుష్ఠురోగులకు చికిత్స చేసే శ్రీరామకృష్ణ సేవాశ్రమమూ ఉన్నాయి. మానని పుండును ప్రారబ్ధమనుకునే వాడుక మనకు పాతదే. అయితే ఎండకు కాలిన బండల మీద ప్రదక్షిణ చేసే వారిలో స్పర్శ ఉన్నవాడు గబగబా అడుగులేస్తాడు, లేనివాడు నింపాదిగా నడిచి, ఇంటికి వచ్చాక పంచె అంచున తడి మరక కనబడితే గానీ బొబ్బ సంగతి ఎరుగడు. అక్కడ లోపించింది పుణ్యం కాదు, తెలియడం.

నొప్పే లేకపోవడం మేలనిపించవచ్చు; న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు మోక్షమంటే దుఃఖం పూర్తిగా తొలగిపోవడమన్నారు. శ్రీనాథుడు తెలుగు చేసిన నైషధానికి మూలకర్త శ్రీహర్షుడు అలాంటి ముక్తి రాయి కావడమేనని వెక్కిరించాడు. మొద్దుబారిన పాదం ఆ వెక్కిరింతకు బలమిస్తుంది.

ఇలాంటి పుండ్ల మీద వేసే కట్టుల్లో ఒకటైన హైడ్రోజెల్, పొడవాటి అణుగొలుసులు వలలా అల్లుకుని నీటిని పట్టి ఉంచే మెత్తని పదార్థం. పుండు తడిగా ఉంటే పైచర్మం త్వరగా కమ్ముకుంటుందని 1962లో జార్జ్ వింటర్ పందులపై చేసిన ప్రయోగంలో తేలింది. ఇప్పుడు పరిశోధకులు రూపొందిస్తున్న బహుళప్రయోజన హైడ్రోజెల్ కట్టులలో కొన్ని వెండి కణాలతో సూక్ష్మజీవులను చంపుతాయి, కొన్ని ఆక్సిజన్ అందిస్తాయి, మరికొన్ని పుండులోని చక్కెరను గుర్తించి మందు వదులుతాయి. చర్మం పనుల్లో చాలావాటిని, గుర్తించడంతో సహా, కట్టు తలకెత్తుకుంది గానీ ఆ ఎరుక రోగికి చేరదు. సాంఖ్య దార్శనికులు చెప్పినట్టు దుఃఖపు దెబ్బ నుంచే నివారణోపాయం తెలుసుకోవాలన్న కోరిక పుడుతుంది కాబట్టి, దెబ్బే తెలియనివాడికి ఆ కోరికా పుట్టదు.

ఎంత మంచి జెల్ వేసినా అదే పాదం మీద బరువు మోపి నడిస్తే పుండు మానదు. బ్రాండ్ బృందం ప్లాస్టర్ కట్టులతో, మెత్తని రబ్బరు చెప్పులతో కుస్తీ పట్టింది ఇందుకే. ఆ చెప్పులు గుడి బయట విడవక తప్పకపోతే, దళసరి మేజోళ్లతో ప్రదక్షిణకు అనుమతించడంలో ఏ ఆచారానికీ లోటు రాదు.